బొగ్గు రేవులో దెబ్బ తగిలితే: మొదటి నిమిషం నుంచి పరిహారం చేతికొచ్చేదాకా

కొన్నేళ్ళు నేను విశాఖ రేవులో టాలీ రాశాను. ఏ ఓడ నుంచి ఎన్ని గ్రాబ్‌లు (క్రేన్‌కు వేలాడే ఇనప పంజా నిండా బొగ్గు) దిగాయి, ఎన్ని టిప్పర్లు యార్డుకు వెళ్ళాయి, అంతా పుస్తకంలో ఉండాలి. లెక్కలో తేడా వస్తే అర్ధరాత్రయినా ఫోన్ వచ్చేది. అదే పుస్తకంలో, మనిషి పడిపోయిన రోజున, "పని 40 నిమిషాలు ఆగింది" అని మాత్రం ఉండేది. ఎవరు పడ్డారో, ఎలా పడ్డారో రాయడానికి అందులో గడి లేదు.

తర్వాత్తర్వాత ఇద్దరు ముగ్గురి పరిహారం ఫైళ్ళు పట్టుకుని లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగినప్పుడు ఆ లేని గడి విలువ తెలిసింది. చట్టం ఉంది, లెక్క ఉంది, డబ్బు కూడా ఉంది. లేనిదల్లా "ఈ మనిషికి, ఈ రోజు, ఈ పనిలో దెబ్బ తగిలింది" అని చెప్పే కాగితం. మొదటి రెండు రోజుల్లో దాన్ని మీరు పుట్టించకపోతే, మీ బదులు కాంట్రాక్టరు పుట్టిస్తాడు, తనకు కావలసినట్టు.

ఇది పోర్టు యార్డులో, ఓడ హోల్డులో (సరుకు నింపే లోపలి గదిలో), బార్జీ (చదునైన సరుకు పడవ) మీద, రైల్వే సైడింగులో, థర్మల్ స్టేషన్‌లో బొగ్గు దించి పంపే సీహెచ్‌పీలో బొగ్గు పని చేసేవాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం రాసింది.

1. దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో ముందే తెలుసుకోండి

ముందు బెల్టు, అంటే బొగ్గును మోసుకెళ్ళే కన్వేయర్. బొగ్గు పనిలో చేతులు పోయేది ఎక్కువగా ఇక్కడే, అదీ బెల్టు నడుస్తుండగా టెయిల్ పులీ (బెల్టు వెనక కొసన తిరిగే చక్రం) దగ్గర పేరుకున్న బొగ్గును పారతో తీసేటప్పుడు. సెకనుకు మూడు మీటర్లు నడిచే బెల్టు పార అంచును పట్టుకుందనుకోండి. వదిలేయాలని మీకు తట్టడానికి అర సెకను పడుతుంది. ఆలోపే పార, దాన్ని పట్టుకున్న చెయ్యి మీటరున్నర లోపలికి వెళ్ళిపోతాయి. బెల్టును ఆపే తాడు (పుల్ కార్డ్) లాగినా నిండు బెల్టు అక్కడికక్కడ ఆగదు, కొంత దూరం దొర్లే ఆగుతుంది. కాబట్టి శుభ్రం చేయాలంటే బెల్టు ఆపాలి, కరెంటు తీయించాలి, స్విచ్చుకు మీ సొంత తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. "ఐదు నిమిషాల పనికి లాక్ ఎందుకు" అనే మేస్త్రి ప్రతి చోటా ఉంటాడు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికి మీరు పులీ కింద ఉన్నట్టు కనపడదని అతనికి గుర్తు చేయండి. గార్డు, అంటే రక్షణ కవచం, తీసేసిన పులీ దగ్గర పని చేయమంటే ముందు ఫొటో తీసుకోండి.

రెండోది హోల్డు, అన్నిటికన్నా మోసకారి. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను తనే తాగేస్తుంది. మూసి ఉన్న హోల్డులో రోజుల తరబడి ప్రయాణం చేసిన బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. కొన్ని రకాల బొగ్గు నుంచి మీథేన్ కూడా వస్తుంది. వీటికి రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలిలో 20.9 శాతం ఆక్సిజన్ ఉంటుంది. అది బాగా పడిపోయిన చోట మనిషికి ఆయాసం కూడా రాదు, రెండు మెట్లు దిగి కూలిపోతాడు. హాచ్ కవర్ (హోల్డు పై మూత) తెరిచారు కదా అని ధైర్యపడొద్దు. హోల్డులోకి దిగే నిచ్చెన ఉండే ఇరుకు గదిలో గాలి అలాగే నిలిచి ఉంటుంది. మీటరుతో గాలి చూసి, ఆ అంకె కాగితం మీద రాసి సంతకం పెట్టాకే దిగాలి.

బార్జీ సంగతి వేరు. కాకినాడ యాంకరేజీలో ఓడలు సముద్రంలోనే నిలబడతాయి, సరుకు బార్జీల మీద వెళుతుంది. అక్కడ ఎక్కువగా వెళ్ళేది బియ్యం. బెంగాల్లో హుగ్లీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న శాండ్‌హెడ్స్ దగ్గర ఓడల నుంచి దింపిన బొగ్గు, బార్జీల్లోనే గంగ మీదుగా ఫరక్కా థర్మల్ స్టేషన్‌కు వెళ్ళింది. సరుకు ఏదైనా కళాసీకి ఎదురయ్యే గండాలు మూడు. మొదటిది బిగిసిన తాడు. నైలాన్ తాడు రబ్బరులా సాగి తెగుతుంది, తెగిన కొస వెనక్కి వచ్చే దారిలో కాలుంటే కాలు పోతుంది. తాడు లాగుతున్నప్పుడు దానికి సూటిగా గానీ, దాని మలుపు లోపల గానీ నిలబడకండి. రెండోది ఓడకూ బార్జీకీ మధ్య సందు. ఎక్కేటప్పుడు బార్జీ అల మీద పూర్తిగా పైకి లేచిన క్షణంలో నిచ్చెన అందుకోవాలి. అది కింద ఉండగా అందుకుంటే వెంటనే లేచి మీ కాళ్ళను కొడుతుంది. మూడోది గ్రాబ్. ఊగే గ్రాబ్ కింద నిలబడి బొగ్గు సర్దమంటే "సిగ్నల్ మనిషి ఎక్కడ?" అని అడగండి. లైఫ్ జాకెట్ భుజాన వేలాడుతుంటే నీళ్ళలో పనికిరాదు, బకిల్ పెట్టాలి.

సైడింగులో వాగన్ ఎక్కేవాళ్ళకు ఒక్క మాట: తల మీద కరెంటు తీగ 25,000 వోల్టులది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు, అదే దూకుతుంది. రెండు మీటర్ల లోపలికి మనిషి గానీ, చేతిలోని గడపార గానీ వెళ్ళకూడదు. ఇక బొగ్గు గుట్ట అడుగున తవ్వడం, హాపర్‌లో (బొగ్గు పోసే పెద్ద గరాటు తొట్టిలో) ఇరుక్కున్న బొగ్గును పైన నిలబడి పొడవడం. రెండింట్లోనూ కాళ్ళ కింద గట్టిగా కనిపించేది గట్టిది కాదు. హాపర్ పైకి నడుముకు బెల్టు, దానికి తాడు, తాడు పట్టుకునే మనిషి లేకుండా వెళ్ళొద్దు.

2. మొదటి పది నిమిషాలు

హోల్డులో మనిషి పడిపోతే దూకి దిగకండి. రాయడానికి తేలిక, ఆ సమయంలో పాటించడం చాలా కష్టం, నాకు తెలుసు. కానీ ఇలాంటి చోట్ల ఒకరి కోసం దిగిన రెండో మనిషి, అతని కోసం దిగిన మూడో మనిషి కూడా పోయిన సంఘటనలు ప్రపంచంలోని రేవులన్నింట్లో ఉన్నాయి. కేకలు వేయండి, ఓడ సిబ్బందిని పిలవండి, ఊపిరి సిలిండర్ సెట్ వేసుకున్నవాళ్ళనే దించండి. ముక్కుకు కట్టే మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆక్సిజన్‌ను ఇవ్వలేదు.

బెల్టులో చెయ్యి ఇరుక్కుంటే బెల్టును వెనక్కి తిప్పొద్దు. ఆపి, కరెంటు తీయించి, బెల్టు బిగువు వదులు చేయాలి, లేదా బెల్టునే కోయాలి. బెల్టు ఖరీదు గురించి మాట్లాడేవాడిని ఆ నిమిషంలో పక్కకు నెట్టేయండి. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా నొక్కి పట్టండి, మాటిమాటికీ తీసి చూడకండి.

వేలు తెగిపడితే వెతికి తీసుకెళ్ళండి. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ళలో ఉంచాలి. ఐసు నేరుగా తగిలితే కండ చచ్చిపోతుంది, మళ్ళీ అతికించడానికి పనికిరాదు. ఎత్తు నుంచి పడినవాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టుకుని మోయకండి, స్ట్రెచర్ వచ్చేదాకా మెడ కదలకుండా చూడండి. కంట్లో బొగ్గు పడితే నలపకుండా నీళ్ళతో కడగండి.

108కి ఫోన్ చేసేటప్పుడు బెర్తు (ఓడ కట్టే చోటు) నంబరు, ఏ గేటు నుంచి రావాలి అన్నది చెప్పండి. గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. రేవుల్లో అంబులెన్సుకు ఆలస్యమయ్యేది ఎక్కువగా లోపలి దారి తెలియకే.

3. ఆసుపత్రిలో చెప్పే మొదటి వాక్యం

అసలు కథ ఇక్కడే తిరుగుతుంది. క్యాజువాలిటీలో డాక్టరు "ఏమైంది?" అని అడుగుతాడు. పక్కనున్న సూపర్‌వైజర్ "బైక్ మీద నుంచి పడ్డాడు సార్" అంటాడు. నొప్పితో ఉన్నవాడు ఊరుకుంటాడు. ఆ వాక్యం కేస్‌షీటులో ఎక్కిందంటే రెండేళ్ళ తర్వాత కూడా పరిహారం కేసులు వినే కార్మిక శాఖ కమిషనర్ ముందు అదే చదువుతారు.

కాబట్టి మీ తోటి పనివాడు ఒకరు, వీలైతే ఇంటివాళ్ళు ఒకరు, తప్పకుండా వెంట ఉండండి. "ఫలానా చోట, ఫలానా కాంట్రాక్టరు కింద, ఇన్ని గంటలకు, బెల్టు దగ్గర పని చేస్తుండగా" అని రాయించండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగండి. దాంతో ఆసుపత్రి నుంచి పోలీసు స్టేషన్‌కు కబురు వెళుతుంది. చిన్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళి "ఖర్చంతా మాదే" అంటే సంతోషమే, కానీ అక్కడా ఇదే రాయించాలి. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని కాంట్రాక్టరుకు జిరాక్సులివ్వండి.

ప్రాణం పోతే పోస్టుమార్టం, పోలీసు పంచనామా లేకుండా శరీరాన్ని ఊరికి పంపనివ్వకండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీల విషయంలో ఇది మరీ ముఖ్యం. రాత్రికి రాత్రి అంబులెన్సు ఎక్కించి, చేతిలో కొంత పెట్టి పంపేస్తే ఆ కుటుంబం మళ్ళీ ఇక్కడికి వచ్చి నిరూపించుకోవడం చాలా కష్టం.

4. నలభై ఎనిమిది గంటల్లో కాగితాలు

తెల్ల కాగితం చాలు, లాయరు అక్కర్లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ పని చేస్తూ, ఎలా, ఎవరు చూశారు అని ఆరు సంగతులు రాయండి. ఒకటి కాంట్రాక్టరుకు, ఒకటి అసలు యాజమాన్యానికి, అంటే పోర్టుకో టెర్మినల్‌కో ప్లాంటుకో ఇవ్వండి. తీసుకున్నట్టు సంతకం పెట్టకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వాట్సాప్‌లో కూడా పంపండి, తేదీ, టైము పడతాయి.

రుజువుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది గేటు పాసు. మస్టరు రోల్ (హాజరు పట్టీ) కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది, మీ పేరు మాయం కావచ్చు. గేటు దగ్గర రాకపోకల లెక్క అతని చేతిలో ఉండదు. ఆ షిఫ్టులో మీరు లోపలికి వెళ్ళారు, బయటికి మాత్రం అంబులెన్సులో వచ్చారు అని ఆ లెక్క చెబుతుంది. పాసు ఫొటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోన్‌కు పంపి ఉంచండి, ఈ పని ప్రమాదం జరగకముందే చేయాలి. జీతం బ్యాంకులో పడితే స్టేట్‌మెంటు, చేతికిస్తే కూలీ చీటీ, మేస్త్రి పంపిన "రేపు నైట్ షిఫ్టుకు రా" అనే మెసేజీ, ఏదీ చిన్నది కాదు. చూసినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఆ రోజే రాసుకోండి. వారం దాటితే వాళ్ళకు టెన్షన్ మొదలవుతుంది, నెల దాటితే వేరే రేవుకు వెళ్ళిపోతారు.

మరణం గానీ, తీవ్రమైన గాయం గానీ జరిగితే ఏడు రోజుల్లో కమిషనర్‌కు నివేదిక పంపాల్సిన బాధ్యత యజమానిదేనని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం చెప్పింది. పంపారా లేదా అని లేబర్ ఆఫీసుకెళ్ళి అడగండి. ఇక భద్రతా తనిఖీ ఎవరిదన్నది చోటును బట్టి ఉంటుంది. విశాఖలాంటి మేజర్ పోర్టులో (కేంద్రం కింద ఉండే రేవులో) డాక్ సేఫ్టీ ఇన్‌స్పెక్టరు, థర్మల్ స్టేషన్‌లో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, సింగరేణి గని పరిధిలో అయితే గనుల భద్రతా డైరెక్టరేట్. ఫిర్యాదు తప్పు ఆఫీసులో పడితే నెలలు అక్కడే మూలుగుతుంది.

5. మీది ఈఎస్ఐ దారా, పరిహారం దారా?

ఈఎస్ఐ అంటే యజమాని, కార్మికుడు ఇద్దరూ చందా కట్టే ప్రభుత్వ బీమా. పరిహారం అంటే యజమాని ఇచ్చేది. రెండూ ఒకేసారి రావు. ఈఎస్ఐలో ఉన్నవాళ్ళు అదే గాయానికి యజమాని నుంచి పరిహార చట్టం కింద డబ్బు అడగలేరు. ముందు పే స్లిప్ చూడండి. 0.75 శాతం ఈఎస్ఐ కోత ఉంటే మీది ఆ దారి. నెల జీతం 21,000 రూపాయల దాకా ఉన్నవాళ్ళకు వర్తిస్తుంది, కానీ అన్ని బొగ్గు కాంట్రాక్టుల్లోనూ ఉండదు.

ఈఎస్ఐ ఉంటే నిజానికి మేలే. పని చేయలేని రోజులకు సగటు రోజు కూలీలో 90 శాతం వస్తుంది, వైద్యం ఉచితం. శాశ్వత వైకల్యానికి మెడికల్ బోర్డు తేల్చిన శాతం ప్రకారం జీవితాంతం నెలనెలా వస్తుంది. మనిషి పోతే ఆధారపడినవాళ్ళకు పింఛను. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా ఇది వర్తిస్తుంది, ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలనే నియమం గాయాలకు లేదు. యజమాని ప్రమాద నివేదికను ఫారం 12లో ఇవ్వాలి. కోత కోసి చందా కట్టని కాంట్రాక్టరు ఉంటే భయపడొద్దు. మీకివ్వాల్సింది ఈఎస్ఐ ఇచ్చి, అతని దగ్గర వసూలు చేసుకోగలదు.

ఈఎస్ఐ లేకపోతే పరిహారం దారి. ఇక్కడ ఒక మార్పు గమనించాలి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 చట్టంలోని పరిహారం సామాజిక భద్రత కోడ్‌లోకి, 1986 నాటి డాక్ కార్మికుల భద్రత చట్టం వృత్తి భద్రత కోడ్‌లోకి వెళ్ళాయి. ఇంటి నుంచి పనికి వచ్చిపోయే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం ఉంటే, కోడ్ లెక్కలోకి తీసుకుంది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే.

6. లెక్క మీరే వేసుకోండి

ఇది తెలియకే చాలామంది "రెండు లక్షలిస్తాం, సరేనా" అంటే తలూపుతారు. 1923 చట్టం లెక్క ఇది. మరణానికి నెల జీతంలో 50 శాతాన్ని, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతాన్ని, వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. గుణకం 25 ఏళ్ళకు 216.91, 30కి 207.98, 35కి 197.06, 40కి 184.17.

35 ఏళ్ళ కళాసీ, జీతం 18,000 అనుకుందాం. పరిమితి వల్ల 15,000 అవుతుంది. మరణమైతే 7,500ను 197.06తో హెచ్చిస్తే 14,77,950 రూపాయలు. అదే మనిషికి బొటనవేలు పోతే, చట్టంలోని గాయాల పట్టికలో (షెడ్యూలులో) దానికి 30 శాతం. 9,000ను 197.06తో హెచ్చిస్తే 17,73,540, అందులో 30 శాతం 5,32,062 రూపాయలు. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే 50, ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. విడిగా వైద్యం ఖర్చు బిల్లుల ప్రకారం ఇవ్వాలి. తాత్కాలికంగా పని మానేస్తే పదిహేను రోజులకోసారి నెల జీతంలో నాలుగో వంతు, ఇది ఐదేళ్ళ దాకా. లెక్క పద్ధతి కోడ్‌లోనూ ఇలాంటిదే. ప్రమాదం రోజున ఏ పరిమితి అమల్లో ఉందో మాత్రం ఆఫీసులో అడగండి.

షెడ్యూలు శాతమే ఆఖరి మాట అనుకోవద్దు. మోచేతి పైదాకా ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి కేసులో 1975లో సుప్రీంకోర్టు, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనంది. పరిహారం బాకీ పడేది కూడా ప్రమాదం జరిగిన రోజు నుంచేనంది. మీ డాక్టరు సర్టిఫికెట్‌లో "చెయ్యి 50 శాతం" అని మాత్రమే కాకుండా "తాడు లాగే పని, నిచ్చెన ఎక్కే పని చేయలేడు" అని కూడా రాయించుకోమనేది అందుకే.

7. కాంట్రాక్టరు చెప్పే మాటలు

"నేను సబ్ కాంట్రాక్టరును, నాకేం సంబంధం." కావచ్చు. పని తన వ్యాపారంలో భాగమైతే అసలు యాజమాన్యమే నేరుగా చెల్లించాలి, తర్వాత వాళ్ళు కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటారు. దరఖాస్తులో ఇద్దరి పేర్లూ, బీమా ఉంటే బీమా కంపెనీ పేరూ రాయండి.

"తాగి ఉన్నాడు, హెల్మెట్ పెట్టుకోలేదు." మరణం, పూర్తి శాశ్వత వైకల్యం విషయంలో ఈ సాకు చెల్లదు. మిగతా గాయాల్లో కూడా తాగుడు వల్లే ప్రమాదం జరిగిందని, చెప్పిన నియమాన్ని కావాలని మీరాడని వాళ్ళే నిరూపించాలి. హెల్మెట్ అసలు ఇచ్చారా? ఇచ్చిన రిజిస్టరు చూపించమనండి.

"ఇక్కడ సంతకం పెట్టు, ఇంకేమీ అడగనని." ఏదో ఆసరాకు డబ్బు తీసుకోవాల్సి వస్తే తీసుకోండి, కానీ అడ్వాన్సుగా అని రాయించండి. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. మరణ పరిహారం కమిషనర్ దగ్గరే జమ చేయాలి. కుటుంబం చేతికిచ్చి చేతులు దులుపుకుంటే అది చెల్లించినట్టు కాదు. ఈ మాట వినగానే బేరం గొంతు మారడం నేను కళ్ళారా చూశాను.

8. దరఖాస్తు

నెల దాటినా చెల్లించకపోతే దరఖాస్తు వేయండి. కార్మిక శాఖలో డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనర్ స్థాయి అధికారి వీటిని వింటారు. ప్రమాదం జరిగిన చోట మాత్రమే వేయాలని లేదు, బాధితుడు లేదా కుటుంబం ఉండే ఊరి పరిధిలోనూ వేయవచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చి కృష్ణపట్నంలో పనిచేసినవాడు ప్రతి వాయిదాకూ నెల్లూరు జిల్లాకు పరుగెత్తనక్కర్లేదు. 1923 చట్టంలో గడువు రెండేళ్ళు. కోడ్ వచ్చింది కదా అని ఆ గీత దాటనివ్వకండి.

అడగాల్సినవాటిలో 12 శాతం వడ్డీ, అన్యాయంగా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా రాయడం మరిచిపోకండి. రాయకపోతే ఎవరూ గుర్తు చేయరు. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, కార్మికులకు ఉచిత సాయం హక్కు. ఫోన్ 15100.

9. రక్తం కనిపించని దెబ్బలు

వినికిడి తగ్గడం, దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడటం ఒక్క రోజులో జరగవు, కాబట్టి వీటికి సాక్షులు ఉండరు. చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో రాతి దుమ్ము, బొగ్గు దుమ్ము కలిసి తెచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, శబ్దం వల్ల వచ్చే చెవుడు ఉన్నాయి. అవి పనిలో జరిగిన ప్రమాదంతో సమానం. వీటికి రుజువు సర్వీసు చరిత్రే. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ బెర్తులో, ఎవరి కింద, ఏ పని అన్నది ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. పనిలో చేరినప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రే, చెవి పరీక్ష ఉంటే పారేయకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "దగ్గు" అని ఊరుకోకుండా "పదేళ్ళుగా బొగ్గు పని, దగ్గు" అని చెప్పండి, చీటీ మీద రాయమనండి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ పాత గేటు పాసు వెనక్కి తీసుకుంటారు. ఇచ్చేముందు రెండు వైపులా ఫొటో తీసి ఆ నోటుబుక్కులోనే అంటించండి.